ముహూర్తాలు లేని రోజుల్లో కచేరీలు

కార్తీకం వచ్చిందంటే కూకట్‌పల్లి హౌసింగ్ బోర్డు (కేపీహెచ్‌బీ) కాలనీలో రాత్రి ఎనిమిది దాటాక ఏదో ఒక సందులో పడిపూజ జరుగుతూనే ఉంటుంది. అపార్టుమెంటు సెల్లారులోనో, రోడ్డు వార వేసిన షామియానా కిందో నల్లబట్టల అయ్యప్ప స్వాములు బారులు తీరి కూర్చుంటారు. హార్మోనియం, డోలక్, తాళాలు, ఒక మైకు. గొంతు బాగున్న స్వామి పాట ఎత్తుకుంటే మిగిలినవాళ్లంతా అందుకుంటారు. ఆషాఢంలో బోనాల డప్పులు దిగుతాయి. పెళ్లిళ్ల రోజుల్లో ఊరేగింపు ముందు బ్యాండువాళ్లు మొన్నమొన్నటి సినిమా పాటను క్లారినెట్ మీద పలికిస్తారు. భాద్రపదంలో వినాయక మండపాల ముందు ఆర్కెస్ట్రాలు. ఏడాది పొడుగునా మనుషులు మనుషుల ఎదుట పాడుతూ, వాయిస్తూ ఉండే పేట ఇది.

అయినా ఇక్కడి కుర్రవాళ్లను లైవ్ మ్యూజిక్ ఎక్కడ దొరుకుతుందని అడిగితే జూబ్లీహిల్స్ అంటారు, గచ్చిబౌలి అంటారు, టికెట్ల యాప్ తెరిచి చూపిస్తారు. పడిపూజ భక్తి ఖాతాలోకి పోతుంది, బ్యాండు పెళ్లి ఖర్చులోకి, డప్పు జాతరలోకి. సంగీతమని లెక్కపెట్టేవాళ్లు తక్కువ. లక్షలమంది బతుకుతున్న ఈ పేటలో, దేవుడి పని మీదో పెళ్లి పని మీదో కాకుండా కేవలం పాట కోసమే పదిమంది కూర్చోదగ్గ చోటు దాదాపు కనిపించదు. కూకట్‌పల్లికి కావలసింది ఆ చోటే. దాని కోసం కొత్తగా ఇటుక పేర్చనక్కర్లేదు.

ముందు, నగరంలో వినదగ్గది ఎంత ఉందో చూడాలి. మియాపూర్ నుంచి ఎల్బీ నగర్ వెళ్లే మెట్రో ఎర్ర లైను కూకట్‌పల్లివాళ్లకు రోజూ ఆఫీసుకో, అమీర్‌పేట కోచింగుకో తీసుకెళ్లే బండి. అదే బండి ఎక్కి మరికొంత ముందుకు పోతే చాలు. ఎర్రమంజిల్‌లో దిగి ఆటో ఎక్కితే బంజారాహిల్స్‌లో లామకాన్. 2010లో ఒక పాత ఇంటి ఆవరణలో మొదలైన ఈ చోట ఒకరోజు గజల్, మరోరోజు ఎవరో కాలేజీ పిల్లల గిటారు, ఇంకోరోజు జానపదం. చాయ్, సమోసా తింటూ వినొచ్చు. అసెంబ్లీ స్టేషన్‌లో దిగితే 1961 నుంచీ నడుస్తున్న రవీంద్రభారతి. నాంపల్లిలో దిగితే యూసుఫైన్ దర్గా. గురువారం సాయంత్రాల్లో అక్కడ కవ్వాలీ వినడానికి టికెట్ లేదు, మతం అడిగేవాళ్లు లేరు. తల మీద గుడ్డ వేసుకుని ఒక పక్కన కూర్చుంటే చాలు.

కవ్వాలీ అంటే సినిమాలో చప్పట్లు కొట్టే పాట అనుకునేవాళ్లు హైదరాబాద్ వార్సీల గాత్రం ఒకసారి ఎదురుగా కూర్చుని వినాలి. అజీజ్ అహ్మద్ ఖాన్ వార్సీకి 1971లో పద్మశ్రీ వచ్చింది. ఆయన మనవలు నజీర్, నసీర్ వార్సీ సోదరులు ఆ పాటను కొనసాగించారు. ఒక్క పాదాన్ని పట్టుకుని, తిప్పి, విరిచి, పైకెత్తి, వినేవాడి ముఖంలో కదలిక వచ్చేదాకా వదలకపోవడం కవ్వాలీ పద్ధతి. వినేవాడు లేకుండా ఆ పాటకు పెరుగుదల లేదు. రికార్డులో అది సగమే దక్కుతుంది.

హైదరాబాద్‌లో హిందుస్తానీ చరిత్ర కూడా చిన్నది కాదు. మేవాతీ ఘరానా గాయకుడు పండిట్ మోతీరామ్ 1934లో నిజాం ఉస్మాన్ అలీ ఖాన్ ఆస్థానంలో విద్వాంసుడిగా చేరబోయే తరుణంలోనే ఈ నగరంలో కన్నుమూశారు. అప్పటికి ఆయన కొడుకు జస్‌రాజ్ వయసు నాలుగేళ్లు. అంబర్‌పేటలో తండ్రి సమాధి ఉంది. దేశమంతా పండిట్ జస్‌రాజ్ అని చేతులు జోడించే స్థాయికి ఎదిగాక కూడా ఆయన ఏటేటా ఇక్కడికి వచ్చారు. 1972 నుంచి తండ్రి పేరుతో, తర్వాత అన్న మణిరామ్ పేరు కూడా కలిపి సంగీత సమారోహం జరిపించారు. ఆయన 2020లో పోయారు. బడే గులాం అలీ ఖాన్ చివరి రోజులు గడిపింది బషీర్‌బాగ్‌లో. 1968లో ఇక్కడే మరణించారు, పాతబస్తీలోని దాయిరా మీర్ మోమిన్‌లో ఆయన సమాధి ఉంది. కూకట్‌పల్లి హాస్టళ్లలో ఉంటూ ఉద్యోగం వెతుక్కునే యువతకు ఈ సంగతులు ఎవరైనా చెప్పాలి. వాళ్లున్న నగరానికి ఇంత గొంతు ఉందని తెలిస్తే వాళ్లే వెతుక్కుంటూ వెళ్తారు.

పడమటి వైపు కథ వేరు. సైబర్ టవర్స్ 1998లో తెరుచుకుంది. దాని చుట్టూ ఊరు పెరిగే వేగంలో సంగీతానికి స్థలం మిగిల్చినవి శిల్పారామం, దాన్ని ఆనుకుని 2002లో వచ్చిన శిల్పకళా వేదిక. వేదికలో సుమారు 2,500 మంది పడతారు. అందుకే అక్కడ సినిమా వేడుకలు, పెద్ద కచేరీలు ఎక్కువ. శిల్పారామంలో శని, ఆదివారాల్లో ప్రవేశ టికెట్ కొన్నవాళ్లందరూ కూచిపూడి, భరతనాట్యం చూడొచ్చు. కొన్నిసార్లు రికార్డు మీద ఆడతారు. పక్కనే నట్టువాంగం, గాత్రం, మృదంగం కూర్చున్న సాయంత్రం మాత్రం పిల్లలు ఐస్‌క్రీమ్ మరిచిపోయి మృదంగం వైపే చూస్తారు. కూకట్‌పల్లికి ఇది పక్క ఊరంత దగ్గర. జేఎన్‌టీయూ దగ్గర నుంచి రోడ్డు మీద కొద్ది కిలోమీటర్లే. మెట్రోలో వెళ్లాలంటే మాత్రం అమీర్‌పేట దాకా పోయి, లైను మారి, వెనక్కి రావాలి.

ఇక కేఫ్‌లు, బ్రూవరీలు. ఐటీ కారిడార్‌లో శుక్ర, శనివారాల రాత్రి ఎన్నో చోట్ల బ్యాండు ఉంటుంది. మంచి వాయిద్యగాళ్లు ఉన్నారు. వాళ్ల చేత పాడించేది మాత్రం ఎక్కువగా సినిమా పాటలే. బల్లలు నిండాలి, బిల్లులు రావాలి. అందుకే యాజమాన్యం తెలిసిన పాటలు అడుగుతుంది. మధ్యలో ఒక సొంత పాట దూర్చితే జనం ఫోన్లలోకి తల దించుకుంటారు. తప్పు బ్యాండుది కాదు. తెలుగువాళ్లకు డెబ్బై ఎనభై ఏళ్లుగా పాటంటే సినిమా పాటే. ఆ పాటల్లో గొప్పవి ఎన్నో ఉన్నాయి, కానీ ఒక భాష మొత్తం ఒకే వాకిట్లోంచి పాట వినడం ఆ భాషకు మంచిది కాదు.

చౌరస్తా బ్యాండు దీనికి ఎదురు సాక్ష్యం. హైదరాబాద్ కుర్రాళ్లు తెలుగు జానపదం మాటను రెగే లయలో కూర్చి, 'మాయ', 'ఊరెళ్లిపోతా మామ' లాంటి సొంత పాటలతో జనాన్ని పట్టుకున్నారు. కథానాయకుడు లేడు, ట్రైలర్ లేదు. పట్నంలో ఉద్యోగం, ఊరి మీద బెంగ అన్న సంగతి కేపీహెచ్‌బీ హాస్టల్ గదిలో ఉన్నవాడికి విడమరిచి చెప్పనక్కర్లేదు కదా. ఆ బ్యాండులో పాడిన రామ్ మిరియాల తర్వాత 'జాతిరత్నాలు', 'డీజే టిల్లు' పాటలతో ఇంటింటికీ తెలిశారు. సినిమా ఆయన్ని తెచ్చుకుంది నిజమే, కానీ ఆ గొంతును తయారు చేసింది చిన్న వేదికలు. ఇదే నగరం నుంచి గాడ్‌లెస్ అనే డెత్ మెటల్ బ్యాండు వచ్చి, 2021లో 'స్టేట్స్ ఆఫ్ కేయాస్' ఆల్బమ్ తెచ్చింది. దేశమంతటా మెటల్ వినేవాళ్లకు ఆ పేరు తెలుసు. కూకట్‌పల్లిలో ఎంతమందికి తెలుసు?

అటు జానపదం వైపు చూస్తే గుండె కలుక్కుమంటుంది. దర్శనం మొగులయ్య పన్నెండు మెట్ల కిన్నెర వాయించే కళాకారుడు, నాగర్‌కర్నూల్ ప్రాంతంవాడు. 'భీమ్లా నాయక్' పాటతో 2021లో ఆయన గొంతు రాష్ట్రాలు దాటింది. 2022లో పద్మశ్రీ వచ్చింది. 2024లో ఆయన నగర శివార్లలో కూలి పని చేస్తున్న వీడియో బయటికి వచ్చింది. పాటను కోట్లసార్లు ఫోన్లో వినడం వేరు, కిన్నెర వాయించే మనిషిని నెలకొకసారి పిలిచి, ఎదుట కూర్చుని విని, చేతిలో డబ్బు పెట్టడం వేరు. అవార్డు ఒక్కసారే ఇస్తారు. వేదిక అయితే నెల నెలా అన్నం పెడుతుంది.

నగరానికి పెద్ద కచేరీలు ఇప్పుడు బాగానే వస్తున్నాయి. 2023 ఫిబ్రవరిలో గచ్చిబౌలి స్టేడియంలో ఇళయరాజా రెండు రాత్రులు, 2024 అక్టోబర్‌లో అక్కడే దేవిశ్రీ ప్రసాద్, నవంబర్‌లో విమానాశ్రయం దారిలో దిల్జిత్ దోసాంజ్, 2025 ఫిబ్రవరిలో రామోజీ ఫిల్మ్ సిటీలో ఎడ్ షీరన్, మార్చిలో హైటెక్స్‌లో కీరవాణి. ఇవి రావాలి, ఇంకా రావాలి. ఇళయరాజా ఎదుట నిజమైన వయొలిన్లు లేచే క్షణం ఎవరికైనా జన్మంతా గుర్తుంటుంది. కానీ అంతటి కచేరీకి వెళ్లినవాడు అప్పటికే ప్రేమించిన పాటల కోసం వెళ్తాడు. తెలియని పాటను, తెలియని వాద్యాన్ని అనుకోకుండా ప్రేమించడం యాభై వేల మందిలో జరగదు. వాయించేవాడి వేళ్లు కనిపించేంత దగ్గరలో జరుగుతుంది.

పబ్బుల్లో ఆ దగ్గరితనం ఉంది కదా అనొచ్చు. అక్కడే అసలు చిక్కు. తెలంగాణలో మద్యం తాగడానికి వయసు ఇరవై ఒకటి. లైవ్ సంగీతం మద్యం లైసెన్సు నీడలోకి వెళ్లిపోయిననాడు జేఎన్‌టీయూ రెండో సంవత్సరం విద్యార్థి గుమ్మం బయటే ఆగిపోతాడు. చిన్న పిల్లలున్న తల్లిదండ్రులు రారు. తాగని తాతయ్యలు అసలే రారు. లేడీస్ హాస్టల్ గేటు పదింటికి మూస్తారు. బ్యాండు అసలు ఊపు అందుకునేది పదిన్నరకు. రాత్రి పదకొండు ప్రాంతంలో చివరి మెట్రో పోయాక క్యాబ్‌కు పెట్టే డబ్బు కొందరికి రెండు రోజుల భోజనం. ఇంటి నుంచి నడిచి వెళ్లి, నడిచి రాగల దూరంలో ఏడింటికి మొదలై తొమ్మిదిన్నరకు ముగిసే కచేరీ వీళ్లందరికీ తలుపు తెరుస్తుంది.

మరి చోటు? కూకట్‌పల్లిలో ఫంక్షన్ హాళ్లకు కొదవ లేదు. ఆషాఢంలో పెళ్లిళ్లుండవు. పుష్యంలో ఉండవు. మూఢం వస్తే వారాల తరబడి ఉండవు. ముహూర్తాలు లేని రోజుల్లో ఆ హాళ్లలో కుర్చీలు దొంతరలుగా పడుంటాయి, కరెంటు బిల్లు మాత్రం వస్తూనే ఉంటుంది. చిన్న డైనింగ్ హాలును తక్కువ అద్దెకు ఒక సాయంత్రం ఇస్తే యజమానికి పోయేదేమీ లేదు. చట్టం కూడా అడ్డు రాదు. 2000 నాటి శబ్ద కాలుష్య నియంత్రణ నిబంధనలు రాత్రి పది నుంచి ఉదయం ఆరు దాకా లౌడ్‌స్పీకర్లను నిషేధించాయి. ఆడిటోరియాలు, కమ్యూనిటీ హాళ్లు, బాంక్వెట్ హాళ్ల వంటి మూసి ఉన్న ప్రాంగణాల్లో, శబ్దం లోపలికే పరిమితమయ్యే చోట మినహాయింపు ఉంది. నివాస ప్రాంతంలో రాత్రి పరిమితి 45 డెసిబెళ్లు. పక్కింట్లో పరీక్షకు చదివే పిల్లకు, షిఫ్టు నుంచి వచ్చి పడుకున్నవాడికి ఆ నిశ్శబ్దం హక్కు, దాన్ని కచేరీ పేరుతో కొల్లగొట్టకూడదు. అందుకే తలుపులు మూసిన గది, తొమ్మిదిన్నరకు ముగింపు. రెండు వందల మంది గదిలో వీణకు చిన్న మైకు చాలు, కవ్వాలీకి అదీ అక్కర్లేదు.

పేట కచేరీ అంటే చిన్నచూపు అవసరం లేదు. కోల్‌కతాలో 1952లో ఒక సందు పేరుతో మొదలైన డోవర్ లేన్ సంగీత సమ్మేళనంలో పాడటం ఈనాడు హిందుస్తానీ గాయకులకు గౌరవం. బెంగళూరు చామరాజపేటలో శ్రీరామసేవా మండలి 1939 నుంచి రామనవమికి పందిరి వేసి కర్ణాటక సంగీతంలో మహామహుల చేత పాడించింది. బెంగళూరు మెట్రో ఎంజీ రోడ్డు స్టేషన్ పక్కనే 2013లో రంగోలి కళాకేంద్రాన్ని తెరిచింది. లండన్ భూగర్భ రైలు స్టేషన్లలో వాయించుకునేవాళ్లకు 2003 నుంచి లైసెన్సులిచ్చి, చోటు కేటాయిస్తున్నారు. కేపీహెచ్‌బీ, జేఎన్‌టీయూ స్టేషన్ల మెట్ల కింద సాయంత్రం ఆరింటికి ఒక సన్నాయి, ఒక గిటారు వినిపించేలా మెట్రో సంస్థ అనుమతిస్తే ఖర్చు దాదాపు శూన్యం.

అసలు ఈ పేటలో స్థిరపడినవాళ్లలో చాలామంది వచ్చింది కృష్ణా, గుంటూరు, ప్రకాశం, గోదావరి జిల్లాల నుంచి. శ్రీరామనవమి పందిట్లో తెల్లవార్లూ కూర్చుని హరికథ, బుర్రకథ, నాదస్వరం విన్న తరం వాళ్ల తాతలది. కరవది గ్రామంలో పుట్టిన షేక్ చిన మౌలానా నాదస్వరం, నాజర్ బుర్రకథ టికెట్లు కొని విన్న సంగీతం కాదు. రామపూజ చేసే చేతులే మౌలానాకు శాలువా కప్పాయి. తెలంగాణ పల్లెల నుంచి వచ్చినవాళ్లకు ఒగ్గు కథ, కిన్నెర, డప్పు అలాంటివే. ఈ రెండు ప్రాంతాల జ్ఞాపకాలు ఒకే కాలనీలో, ఒకే అపార్టుమెంటు అంతస్తులో ఉన్నాయి. ఒకరి పాట ఒకరు వినే గది మాత్రం లేదు.

వినాయక నవరాత్రులు అందుకు సిద్ధంగా ఉన్న అవకాశం. పందిరి ఉంటుంది, జనం ఉంటారు, మైకు ఉంటుంది, చందా ఉంటుంది. తొమ్మిది రాత్రుల్లో ఎనిమిది ఆర్కెస్ట్రాకూ డీజేకూ పోయినా ఒక్క రాత్రి ఒగ్గు కథకో, వయొలిన్‌కో, సొంత పాటలు రాసుకున్న ఇంజినీరింగ్ కాలేజీ బ్యాండుకో ఇవ్వొచ్చు. ఆ ఒక్క రాత్రి వచ్చినవాళ్ల ఫోన్ నంబర్లు రాసుకుంటే నెల నెలా జరిగే కచేరీకి మొదటి శ్రోతలు దొరికినట్టే. మండపం కమిటీలు బడ్జెట్ వేసుకునేది శ్రావణంలో, డీజేకు అడ్వాన్సు ఇచ్చేదీ అప్పుడే. కాబట్టి అడగదలచుకున్నవాళ్లు ఆషాఢం ఆఖర్లోనే కమిటీ పెద్దల దగ్గరకు వెళ్లాలి, పాడేవాళ్ల పేర్లు, వాళ్లకు ఇవ్వాల్సిన మొత్తం ఒక కాగితం మీద రాసి తీసుకుని మరీ.