జెట్స్ కి ఇంకో సీజను: క్వార్టర్‌బ్యాక్ ఎవరన్నది కాదు ప్రశ్న

మొన్న శనివారం ఎడిసన్ లో ఒక ఫ్రెండు వాళ్ళింట్లో సత్యనారాయణ వ్రతం. భోజనాలయ్యాక గ్యారేజీ దగ్గర ఓ నలుగురం చేరాం. గ్రీన్ కార్డులు, లేఆఫులు, ఏఐ వచ్చి మన ఉద్యోగాలు ఊడబెరుకుతుందా లేదా.. ఇవన్నీ అయ్యాక మాట ఫుట్‌బాల్ మీదకి మళ్ళింది. "ఈసారి మన జెట్స్ సంగతేంటి గురూ? క్వార్టర్‌బ్యాక్ ఒక్కడు సరిగ్గా కుదిరితే లాగించేస్తారంటావా?" అన్నాడొకాయన.

ఈ ప్రశ్న నేను పదిహేనేళ్ళుగా వింటున్నాను. ఏటా ఆగస్టులో, అక్షరం పొల్లుపోకుండా. నాకు ఒళ్ళు మండింది కానీ చేతిలో ప్రసాదం ఉందని ఊరుకున్నాను. అక్కడ అనలేనిది ఇక్కడ అనేస్తున్నాను.

తెలియనివాళ్ళ కోసం రెండు ముక్కలు. ఫుట్‌బాల్ అంటే ఇక్కడ సాకర్ కాదు, కాలితో కన్నా చేత్తో ఎక్కువ ఆడే అమెరికా వాళ్ళ ఆట. జెట్స్ పేరులో న్యూయార్క్ ఉంటుంది గానీ 1984 నుంచీ ఆడేది న్యూజెర్సీలోనే, ఈస్ట్ రూథర్‌ఫర్డ్ లో. అంటే ఎడిసన్, జెర్సీ సిటీ మనవాళ్ళకి ఇది సొంతూరి టీము. గెలిచిన సూపర్ బౌల్ ఒకే ఒక్కటి, 1969 జనవరిలో. తర్వాత మళ్ళీ ఫైనల్ మొహం చూడలేదు. ప్లేఆఫ్స్ కి చివరిసారి వెళ్ళింది 2010 సీజన్లో. 2011 నుంచి 2025 దాకా వరసగా 15 సీజన్లు గుమ్మం బయటే. ఎన్ఎఫ్ఎల్ లో ప్రస్తుతం ఇంత కరువు ఇంకే టీముకీ లేదు.

మావాడు 2011లో పుట్టాడు. వాడు పుట్టాక జెట్స్ ప్లేఆఫ్స్ ఆడలేదు. నేను ఈ దేశం వచ్చిన కొత్తలో ఆఫీసులో నలుగురిలో కలవడానికి ఈ ఆట నేర్చుకున్నాను, పక్క క్యూబికల్ ఆయన జెట్స్ ఫ్యానవడం వల్ల నేనూ అయ్యాను. వాడికి ఆ ఛాయిస్ కూడా లేదు పాపం, వారసత్వంగా వచ్చింది. బీపీ, షుగర్ వచ్చినట్టు :-)

సరే, అసలు విషయానికొస్తాను.

15 ఏళ్ళు బయట ఉండటం ఎంత కష్టమో ఎవరూ ఆలోచించరు. ఎన్ఎఫ్ఎల్ ఏమీ క్రూరమైన లీగ్ కాదు. ఓడినవాడిని లేపడానికే దాన్ని కట్టారు. చివర్న ఉన్నవాడికి డ్రాఫ్ట్ లో మొదటి అవకాశం. డబ్బున్నవాడు అందరినీ కొనెయ్యకుండా జీతాల మీద సీలింగు (2025లో ఒక్కో టీముకి 279.2 మిలియన్ డాలర్లు). 32 టీముల్లో 2019 దాకా ఏటా 12, 2020 నుంచి 14 ప్లేఆఫ్స్ కి వెళ్తాయి. ఇప్పుడు మన లెక్క వేద్దాం. టీము నడిపేవాడికి తెలివీ లేదు, తెలివితక్కువతనమూ లేదు, ఏటా చీటీలు తీసి వెళ్ళేవాళ్ళని తేలుస్తారు అనుకోండి. మొదటి తొమ్మిదేళ్ళూ ఏటా 32కి 20 వంతున, తర్వాత ఆరేళ్ళూ 32కి 18 వంతున బయట ఉండే అవకాశం. మొత్తం గుణిస్తే, 15 ఏళ్ళూ చీటీ తగలకపోయే అవకాశం సుమారు 2,170లో ఒక్కటి. 32 టీముల్లో ఎవడో ఒకడికి ఆ దురదృష్టం పట్టొచ్చుగా అంటారేమో, పట్టొచ్చు. కానీ ఒకే బగ్ పదిహేను రిలీజుల్లో వరసగా వస్తే మీరు దాన్ని దురదృష్టం అంటారా? క్లయింటు ఊరుకుంటాడా?

మరి బగ్ ఎక్కడుంది? క్వార్టర్‌బ్యాక్ లో ఉందని జనాల నమ్మకం. అది కూడా చూద్దాం.

2009లో మార్క్ సాంచెజ్, 5వ పిక్. 2013లో జీనో స్మిత్, రెండో రౌండు. 2016లో క్రిస్టియన్ హాకెన్‌బర్గ్, అదీ రెండో రౌండే, రెగ్యులర్ సీజన్లో ఒక్క ఆట కూడా ఆడకుండానే వెళ్ళిపోయాడు. 2018లో శామ్ డార్నాల్డ్, 3వ పిక్. 2021లో జాక్ విల్సన్, 2వ పిక్. కుర్రాళ్ళతో కాదు సీనియర్ కావాలని 2023లో ఏరన్ రాడ్జర్స్ ని తెచ్చారు. సెప్టెంబర్ 11న మొదటి మ్యాచిలో నాలుగో ప్లేకే కాలి మడమ నరం తెగి కూర్చున్నాడు. 2025లో జస్టిన్ ఫీల్డ్స్ కి రెండేళ్ళకి 40 మిలియన్ డాలర్ల కాంట్రాక్టు ఇచ్చారు, నవంబర్ కల్లా బెంచి మీద కూర్చోబెట్టారు.

ఇందులో ఇద్దరి సంగతి చెప్పాలి. జీనో స్మిత్ ని పనికిరాడని వదిలేశాం కదా, అతనే సియాటిల్ వెళ్ళి 2022లో కమ్‌బ్యాక్ ప్లేయర్ ఆఫ్ ది ఇయర్ అయ్యాడు. శామ్ డార్నాల్డ్ 2019లో పేట్రియట్స్ మీద 33-0తో ఓడుతున్న రాత్రి, తనకి దయ్యాలు కనిపిస్తున్నాయని సైడ్‌లైన్ లో అన్న మాట మైకులో పడింది. దేశమంతా నవ్వింది. 2021లో కరోలినాకి అమ్మేశాం. అతను 2024లో మిన్నెసోటాని 14-3కి తీసుకెళ్ళాడు. 2026 ఫిబ్రవరిలో సియాటిల్ తరఫున సూపర్ బౌల్ గెలిచాడు. ఎవరి మీద? అదే పేట్రియట్స్ మీద.

ఆ రాత్రి మావాడు టీవీ కట్టేసి, "నాన్నా, మన దగ్గరున్నప్పుడు ఇతనికి చేతకాలేదా, లేక మనకి చేతకాలేదా?" అని అడిగాడు. పద్నాలుగేళ్ళ వాడికి అర్థమైంది గ్యారేజీ దగ్గర నలుగురు ఆర్కిటెక్టులకి అర్థం కావట్లేదు.

నాకిది కొంచెం సొంత గొడవ కూడా. 2009లో నన్ను ఒక ప్రాజెక్టు నుంచి తీసేశారు. పదకొండు నెలల్లో ముగ్గురు మేనేజర్లు మారారు. మొదటాయన మొదలుపెట్టించినది రెండో ఆయన పారేయించాడు. మూడో ఆయన వచ్చి నువ్వు ఇంతవరకూ ఏం డెలివర్ చేశావు అన్నాడు. పోయేటప్పుడు 'పెర్ఫార్మెన్స్' అని రాశారు. వీసా మీద ఉన్నవాడికి ఆ మాట అంటే ఏమిటో మీకు చెప్పక్కర్లేదు. మూడు వారాల తర్వాత ఇంకో క్లయింటు దగ్గర చేరాను, అదే చేతులు, అదే బుర్ర, అక్కడ ఆరేళ్ళు పని చేశాను. అందుకే ఎవడైనా కుర్రాణ్ణి పట్టుకుని 'వేస్టు' అంటే నేను ముందు వాడి మేనేజర్ ఎవరని అడుగుతాను.

జెట్స్ మేనేజర్ ఎవరు? కోచులు కాదు. రెక్స్ ర్యాన్, టాడ్ బోల్స్, ఆడమ్ గేస్, రాబర్ట్ సాలే, ఏరన్ గ్లెన్.. వాళ్ళు వస్తారు, పోతారు. 2000 సంవత్సరం నుంచీ మారనిది ఓనరు వుడీ జాన్సన్. ఆ జనవరిలో 635 మిలియన్ డాలర్లకి కొన్నాడు (2017 నుంచి కొన్నేళ్ళు బ్రిటన్ లో రాయబారిగా ఉన్నప్పుడు తమ్ముడు చూసుకున్నాడు). 2025లో ఆటగాళ్ళ యూనియన్ సర్వేలో సొంత ఆటగాళ్ళే ఈయనకి ఎఫ్ గ్రేడ్ ఇచ్చారు. వీడియో గేములో రేటింగు చూసి ఒక ఆటగాణ్ణి వద్దన్నాడని 2024 డిసెంబర్ లో అథ్లెటిక్ పత్రిక రాసింది. అబ్బే అలాంటిదేం లేదని టీము వాళ్ళు ఖండించారు. ఆ గొడవ వదిలేయండి, ఎవరూ ఖండించలేనివే బోలెడున్నాయి.

2022లో సాలే డిఫెన్సు పాయింట్ల లెక్కలో లీగ్ లో నాలుగోది. ఆ ఏడాది ఉత్తమ కొత్త ఆటగాళ్ళు ఇద్దరూ, అటు డిఫెన్సులో సాస్ గార్డ్‌నర్, ఇటు అఫెన్సులో గారెట్ విల్సన్, మనవాళ్ళే. 2024లో అయిదు మ్యాచిలకి 2-3 ఉండగా అక్టోబర్ 8న సాలేని పీకేశారు. మిగిలిన మ్యాచిల్లో 3-9. నవంబర్ లో జనరల్ మేనేజర్ జో డగ్లస్ ని కూడా పంపేశారు. 2025 జూలైలో గార్డ్‌నర్ కి 120 మిలియన్ల పైచిలుకు కాంట్రాక్టు ఇచ్చి, నవంబర్ 4న ఇండియానపొలిస్ కి ఇచ్చేశారు. అదే రోజు క్విన్నెన్ విలియమ్స్ ని డల్లాస్ కి ఇచ్చేశారు. సీజను 3-14. అవతలివాడు విసిరిన బంతిని మధ్యలో పట్టుకోవడాన్ని ఇంటర్‌సెప్షన్ అంటారు, 17 మ్యాచిల్లో అది ఒక్కటంటే ఒక్కటి లేదు. ఎన్ఎఫ్ఎల్ చరిత్రలో ఏ టీమూ సాధించని ఘనత ఇది. నాలుగో స్థానం డిఫెన్సుని మూడేళ్ళలో ఇక్కడికి తెచ్చింది క్వార్టర్‌బ్యాకా?

"అయినా మన డెక్కన్ చార్జర్స్ 2008లో ఆఖరు, 2009లో ఛాంపియన్సు కాలేదా?" అని గ్యారేజీలో ఇంకొకాయన. అయ్యారు. నేనూ గంతులేశాను. కానీ రోహిత్ శర్మనీ గిల్‌క్రిస్ట్ నీ అమ్మేసి అవ్వలేదు కదా. ఉన్నవాళ్ళని ఉంచుకుని గెలిచారు. ఆ తర్వాత పైన యజమానుల లెక్కలు తప్పి 2012లో ఏకంగా టీమే లేకుండా పోయింది, అదీ మర్చిపోకండి.

దగ్గర్లో సరైన ఉదాహరణ కావాలంటే డెట్రాయిట్ చూడండి. 2008లో 0-16. 2021లో డాన్ కాంప్‌బెల్ కోచ్ గా వచ్చిన మొదటి ఏడాది 3-13-1. 2022లో 1-6తో మొదలెట్టాడు. మన దగ్గరైతే అప్పటికే పెట్టె సర్దించేవాళ్ళు. అక్కడ ఓనరమ్మ షీలా ఫోర్డ్ హాంప్ ప్రెస్ ముందుకొచ్చి, ఓపిక పట్టండి, ఈ దారినే వెళ్తాం అని చెప్పింది. ఆ సీజన్ 9-8. 2023లో సూపర్ బౌల్ కి ఒక్క మెట్టు దూరం. 2024లో 15-2. ఆ నాలుగేళ్ళూ అక్కడ డిఫెన్సు చూసినవాడే మన ఏరన్ గ్లెన్.

ఇప్పుడు నన్ను పట్టుకోవచ్చు మీరు. "అయితే చేతకాని కోచ్ ని కూడా పదేళ్ళు మోయాలా? గేస్ ని మోసి 2020లో 2-14 చూశాం కదా?" న్యాయమైన ప్రశ్నే. గ్లెన్ గొప్పవాడని నేను అనట్లేదు. డిఫెన్సు మనిషి అయ్యుండి జీరో ఇంటర్‌సెప్షన్లు, సీజన్ పూర్తవకముందే డిసెంబర్ లో డిఫెన్సు కోఆర్డినేటర్ ని తీసెయ్యడం.. సిగ్గుపడాల్సిన విషయాలే. నేననేది ఒకటే. ఒక మనిషి పనికొస్తాడో రాడో తెలుసుకోవడానికి కూడా కొంత టైము పడుతుంది, ఆ నిర్ణయం ఆట తెలిసినవాడు తీసుకోవాలి, ఓడిన మర్నాడు కోపంలో తీసుకోకూడదు.

ఇక రాబోయే 2026 సీజన్ జాతకం. నా అంచనా 5, మహా అయితే 6 గెలుపులు. ప్లేఆఫ్స్ ఊసెత్తకండి. రాడ్జర్స్ ని వదిలించుకోవడానికి అయిన 49 మిలియన్ల భారం 2025, 2026లకి పంచారు, అందులో పెద్ద ముక్క ఈ ఏడాది మీదే పడింది. మనిషి లేడు, జీతం లెక్కలో ఉంది. మన భాషలో టెక్నికల్ డెట్. ఒక్క మంచి విషయం, ఆ నవంబర్ 4 బేరాల్లో 2027 డ్రాఫ్ట్ కి మన సొంతది కాక ఇండియానపొలిస్, డల్లాస్ ల నుంచి మొదటి రౌండు పిక్కులు చేతికొచ్చాయి. మొత్తం మూడు. ఇన్నేళ్ళలో ఇదే మనకున్న అసలు ఆస్తి.

కాబట్టి నేను చూసేవి మూడే. ఒకటి, 1-5తో మొదలైనా అక్టోబర్ లో ఎవరి తలా ఎగరకూడదు. రెండు, క్వార్టర్‌బ్యాక్ ఎవరైనా సరే, మూడు చెత్త మ్యాచిలకే బెంచి మీద కూర్చోబెట్టకూడదు, అతని ముందు నిలబడే అయిదుగురి లైనుని సీజనంతా కలిపి ఆడించాలి. మూడు, ఆ పిక్కుల్ని ఇంకో నలభై ఏళ్ళ మహానుభావుడి కోసం తగలెయ్యకూడదు. ఈ మూడూ జరిగితే 4-13 అయినా నాకు మంచి సీజనే. ఇవి జరక్కుండా 8-9 వస్తే మాత్రం మనల్ని ఇంకో అయిదేళ్ళు మోసం చెయ్యడానికి వచ్చిందని లెక్క.

మన చేతుల్లో ఏముంది అంటారా? టిక్కెట్టుంది. ఏటా రెండు మ్యాచిలకి పైవరసలో నాలుగు సీట్లు కొంటాం, పార్కింగూ తిండీ కలిపితే ఇండియాకి ఒక టిక్కెట్టు ఖర్చు. ఈసారి మా ఆవిడ అడక్కముందే నేనే నిర్ణయించాను. అక్టోబర్ దాకా ఒక్కటి కూడా కొనను. కోచ్ ఉద్యోగం అప్పటికీ నిలబడుంటే, ఎన్ని ఓడినా సరే, నవంబర్ లో చలిలో వెళ్ళి కూర్చుంటాం. గెలిస్తేనే వస్తానన్నవాళ్ళు, ఓడితే తల తెమ్మన్నవాళ్ళు, ఆ స్టేడియంలో మన జెర్సీలేసుకున్న మనమే కదా ఓనరుకి ఆ ధైర్యం ఇచ్చింది.

మావాడికి చెప్పాను. కాసేపు ఆలోచించి, "ఓకే నాన్నా, కానీ జెర్సీ ఎవరి పేరుతో కొనాలి? కొన్న ప్రతివాణ్ణీ అమ్మేస్తున్నారు" అన్నాడు. వాడి బీరువాలో ఇప్పటికే డార్నాల్డ్, విల్సన్, గార్డ్‌నర్ ఉన్నారు.

పేరు లేనిది కొందాం అన్నాను.