అన్ని పాఠములును భాషాపాఠములే

గోదావరి మండలములందు బడి లేని గ్రామము నేడు అరుదు. అయినను బడికి పోవుట వేఱు, చదువ నేర్చుట వేఱు. అక్షరములను కూడబలుకుకొనుట వేఱు, చదివినదానిని గ్రహించుట వేఱు. ఈ తుదిమెట్టు కడనే మన బాలబాలికలలో ననేకులు నిలిచిపోవుచున్నారు. దోషమెవరిదని యడిగినచో గణితోపాధ్యాయుడు తెలుగు పండితుని వంకను, తెలుగు పండితుడు ప్రాథమిక పాఠశాల వంకను జూపుట పరిపాటియైనది. ఈ వాదము మాకు సమ్మతము కాదు. చదివించు భారము ఒక్క భాషోపాధ్యాయునిది కాదు, ప్రతి యుపాధ్యాయునిదియు.

కారణము స్పష్టము. ప్రతి శాస్త్రమునకును తనదైన భాష గలదు. రైతుబిడ్డకు పని యనగా నాట్లు, కోతలు. భౌతికశాస్త్రమున వస్తువు కదలనిచో ఎంత త్రోసినను పని జరిగినట్లు కాదు. ఇంట బలము, శక్తి, సామర్థ్యము ఇంచుమించుగా నొక్కటే; శాస్త్రపాఠమున నవి మూడు వేర్వేఱు రాశులు. సాంఘికశాస్త్రమున వర్గమనగా జనసమూహము. గణితమున సంఖ్యను దానిచేతనే గుణింపగా వచ్చిన ఫలము. ఈ భేదములను ఆయా శాస్త్రములను బోధించువారే చెప్పవలెను. రెండెకరముల చేనికి ఎన్ని బస్తాల యెరువు కావలెనో నోటితో నడిగినప్పుడు తడుముకొనక చెప్పు పిల్లవాడు, ఆ లెక్కయే నాలుగు పంక్తులుగా అచ్చుపడినప్పుడు తడబడును. వానికి రానిది గణితము కాదు, పఠనము.

పైగా తరగతిలో కూర్చుండువారందఱు నొక తీరువారు కారు. పత్రిక వచ్చు నింటి బిడ్డయు, తన యింట మొట్టమొదట పలక పట్టిన కూలివాని బిడ్డయు, సముద్రతీరపు జాలరి బిడ్డయు, పోలవరము ప్రాజెక్టు నిమిత్తము ఊళ్లు విడిచిన కోయ, కొండరెడ్ల బిడ్డలును బడి పిల్లలే. ఇంట కోయభాష మాటలాడు బాలికకు పుస్తకములోని తెలుగే పరభాష. ఆపై 2020 మొదలు పాఠ్యపుస్తకములలో ఒక పుట తెలుగును, ఎదుటి పుట ఆంగ్లమును చేరినవి. ఉపాధ్యాయుడు రెండింటిని కలిపి చదివించినచో అవి యుపకరించును. లేనిచో రెండును భారములే. సవర బాలురకు సవరభాషలోనే వాచకములు కూర్చి గిడుగు రామమూర్తి పంతులుగారు దారి చూపిరి. కోయ మున్నగు ఎనిమిది గిరిజనభాషలలో ప్రాథమికబోధన మన రాష్ట్రమున 2004లో గాని ప్రారంభము కాలేదు.

మేము చెప్పునది క్రొత్త సిద్ధాంతము కాదు. ఇంగ్లండున బుల్లక్ సంఘమువారు 1975లో నిట్లే చెప్పిరి. మన జాతీయ పాఠ్యప్రణాళికా చట్రము 2005లో దీనిని బలపఱచెను. 2014 నాటి నిబంధనలవలన ఇది ఉపాధ్యాయ శిక్షణలో పాఠ్యాంశముగా చేరెను. మూడవ తరగతి ముగియునప్పటికి ప్రతి శిశువునకు చదువను, లెక్కింపను రావలెనని కేంద్ర ప్రభుత్వమువారు 2021లో నిపుణ్ భారత్ ఉద్యమమును ప్రారంభించిరి. సంతోషమే. కాని శాస్త్రములు వేర్పడి పాఠములు కఠినమగుట ఆ పిమ్మటనే గదా! రాజమహేంద్రవరమున తెలుగు పండితులై యుండియు వీరేశలింగము పంతులుగారు జ్యోతిశ్శాస్త్ర, జంతుశాస్త్రములను గూర్చి తెలుగున గ్రంథములు రచించిరి. భాషకును శాస్త్రమునకును నడుమ వారు గోడ కట్టలేదు.

చేయవలసినది వ్యయసాధ్యము కాదు. పాఠమునకు ముందు నాలుగైదు కఠినపదములను నల్లబల్లపై వ్రాసి, వాడుకలోని యర్థమును, శాస్త్రములోని యర్థమును పోల్చి చెప్పవలెను. లెక్క చేయుటకు ముందు బాలునిచే దానిని సొంతమాటలలో చెప్పింపవలెను. ప్రయోగము ముగిసినపిదప చూచినదానిని రెండు వాక్యములుగా వ్రాయింపవలెను. కోయ బాలిక మొదట తన భాషలో నడిగినను తప్పు పట్టరాదు. జవాబులను చెప్పి వ్రాయించి కంఠస్థము చేయించుట మానవలెను. ఇట్లు చేసిన పాఠ్యక్రమము పూర్తికాదని కొందఱందురు. కాలువ తలలో నీరు పారినంతమాత్రమున శివారు పొలము పండునా?

1850 దశకమున నరసాపురప్రాంతపు రైతులు బడులకై అదనపు పన్ను చెల్లించుటకు తామై యంగీకరించిరి. నేడు వారి వారసులలో ననేకులు తమ బిడ్డలను ప్రైవేటు పాఠశాలలకు పంపి ఊరిబడిని మఱచినారు. 2009 నాటి విద్యాహక్కు చట్టము బడి యాజమాన్యసంఘములలో తల్లిదండ్రులకు ప్రాధాన్య మిచ్చినది. ఆ సంఘములు గోడల సున్నమును, భోజనశాలను విచారించుటతో తృప్తిపడక, “మా పిల్లలు లెక్కల పుస్తకమును తమంతట చదివి గ్రహింపగలరా?” యని యడుగవలెను. భూస్వాములును పట్టణవాసులును వారికి తోడు నిలువవలెను. తన శాస్త్రపుస్తకమును తాను చదువలేని విద్యార్థికి పట్టా చేతికి వచ్చినను విద్య రాలేదనియే మా యభిప్రాయము.