అణు విధానంలో మన ప్రశ్న

1968 నాటి అణ్వస్త్ర వ్యాప్తి నిరోధక ఒప్పందంపై భారతదేశం సంతకం చేయలేదు. అయిదు దేశాల దగ్గర బాంబులుంచి మిగిలినవారికి వద్దనడం వివక్ష అన్నది మన ప్రభుత్వ వాదన. అందులో న్యాయముంది. కానీ 1998 మేలో పోఖ్రాన్ పరీక్షలు జరిపి మనమూ ఆ వరుసలోనే నిలబడ్డాం. ఎవరికీ అణ్వస్త్రాలు వద్దనే 2017 నాటి నిషేధ ఒప్పందానికీ దూరంగానే ఉన్నాం. ఈ ఆయుధాల హాని, రేడియేషన్‌తో సహా, స్త్రీలపైనా ఆడపిల్లలపైనా ఎక్కువని దాని పీఠికే చెబుతోంది. వివక్షే అభ్యంతరమైతే, వివక్ష లేని ఒప్పందాన్ని ఎందుకు కాదంటున్నాం?

ఇది ఢిల్లీకే పరిమితమైన ప్రశ్న కాదు. కడప జిల్లా తుమ్మలపల్లెలో తవ్వి తీసిన యురేనియం హైదరాబాదులోని న్యూక్లియర్ ఫ్యూయల్ కాంప్లెక్సులో ఇంధనమవుతుంది. కరెంటు కోసమే అంటారు. అయితే 2008లో అణు వాణిజ్యానికి అనుమతి వచ్చాక దిగుమతి చేసుకున్న యురేనియాన్ని అంతర్జాతీయ తనిఖీలున్న రియాక్టర్లలోనే వాడాలి. స్వదేశీ యురేనియానికి ఆ షరతు లేదు. కరెంటుకూ బాంబుకూ మధ్య గీత ఎక్కడుందో ప్రజలకు కనిపించదు.

తుమ్మలపల్లె వ్యర్థాల చెరువు దగ్గరి ఊళ్లలో బోరునీళ్లు పాడయ్యాయని, అరటితోటలు దెబ్బతిన్నాయని రైతులు ఫిర్యాదు చేశారు. నీళ్లు తెచ్చేదీ, జబ్బుపడ్డవారిని చూసుకునేదీ స్త్రీలే. అయినా దేశభద్రత చర్చలో వారి మాట వినిపించదు.

నల్లమలలో చెంచులు, ఇతర ప్రజలు ఎదురు తిరిగాక, 2019 సెప్టెంబరులో తెలంగాణ శాసనసభ యురేనియం తవ్వకాలు వద్దని తీర్మానించింది. కనుక అడిగితే ఫలితముంటుంది. తుమ్మలపల్లె నీళ్లనూ, స్త్రీల ఆరోగ్యాన్నీ స్వతంత్ర సంస్థతో పరీక్ష చేయించాలి. ఆ ఫలితాలను తెలుగులో, గ్రామసభలోనే చదివి వినిపించాలి. నిషేధ ఒప్పందంలో చేరమని అడగడం, ఈ నీటి లెక్క అడగడం రెండూ ఒకే పోరాటం.