వెయ్యిమందికి పేరు లేదా?

ఇటీవల ప్రొద్దుటూరులో జరిగిన ఒక సాహిత్య సభలో ఒక వక్త పోరుమామిళ్ల చెరువును తలచుకుని, "ఆ రాజులే ఉంటే మన సీమకు ఈ గతి పట్టేదా?" అని నిట్టూర్చాడు. సభ చప్పట్లు కొట్టింది. జమ్మలమడుగు నుంచీ, పులివెందుల నుంచీ వచ్చిన ఉపాధ్యాయులూ కొట్టారు. నేను కొట్టలేదు. ఎందుకో చెప్పవలసిన బాధ్యత నాది.

ఆ చెరువు గొప్పదనాన్ని నేను కాదనను. శకవర్షం 1291లో, అనగా క్రీ.శ. 1369లో, బుక్కరాయల కుమారుడు భాస్కర భవదూరుడు దాన్ని కట్టించి, అనంతరాజ సాగరమని పేరు పెట్టాడు. అక్కడి సంస్కృత శాసనం మంచి చెరువుకు పన్నెండు అంగాలూ, ఆరు దోషాలూ చెబుతుంది. గట్టి నేల, తీపినీటి ఏరు, కట్టను ఆనుకునే కొండ, దగ్గరలో రాతిగని - ఇది అనుభవం నుంచి పుట్టిన శాస్త్రం. దీన్ని ఫ్యూడల్ చెత్త అని విసిరిపారేసే మన మిత్రులతో కూడా నాకు పేచీయే.

కాని శాసనాన్ని చివరిదాకా చదవాలి. అంగాలలో మొదటిది ధర్మపరుడైన రాజు. రెండవది జలశాస్త్రం తెలిసిన బ్రాహ్మణుడు. పని తెలిసిన జనం పన్నెండవది! రోజుకు వెయ్యిమంది కూలీలు, నూరు బండ్లు, రెండేళ్ల పని. బండ్లను లెక్కపెట్టినట్టే మనుషులనూ లెక్కపెట్టారు. కట్టించినవాడికి పేరుంది, వంశముంది, బిరుదుంది. కట్టినవారికి అంకె మాత్రమే ఉంది.

"అది కాలధర్మం" అంటారా? జపానులో ఒసాకా దగ్గర సయామా చెరువు ఉంది. దాని కొయ్య తూము 616లో నరికిన మానుతో చేసిందని చెట్టు వలయాల లెక్క తేల్చింది. 1202లో చోగెన్ అనే బౌద్ధ భిక్షువు దాన్ని బాగుచేయించి ఒక రాయి వేయించాడు. ఆ రాయి 1993లో బయటపడింది. సన్యాసులూ సంసారులూ, ఆడవారూ మగవారూ, పిల్లలూ, బిచ్చగాళ్లూ, వెలివేసినవారూ తమ చేతులతో రాళ్లు లాగారని అది చెబుతుంది. అక్కడ సమానత్వం వెల్లివిరిసిందని నేననను. అక్కడా ప్రభువులే, అక్కడా వెలివాడలే. అయినా మన శాసనానికి నూట అరవై ఏడేళ్ల ముందే, రాళ్లు లాగినవారెవరో రాతి మీద చెప్పాలని ఒకరికి తోచింది. మరి కాలధర్మం ఏమైంది?

రాజును తలచి నిట్టూర్చేవాడు ఇంకో రాజు కోసం ఎదురుచూస్తాడు. అసలు ప్రమాదం ఇదే. శాసనం చెప్పిన దోషాలలో రెండు చూడండి: రెండు రాజ్యాల సరిహద్దున ఉండటం, నీరు కొంచెమై తడపవలసిన నేల విస్తారం కావటం. తుంగభద్ర, కృష్ణా జలాల తగవుల మధ్య ఎండిన సీమకు ఈ మాటలు కొత్తవా? వీటికి మందు రాజభక్తి కాదు, నీటి పంపకంలో న్యాయం.

ఇప్పటి శిలాఫలకాలూ పాత బాటలోనే నడుస్తున్నాయి. జమ్మలమడుగు దాపున గండికోట జలాశయం 26.85 టీఎంసీలు పట్టగలదని అందరమూ చెప్పుకుంటాం. 2020లో ఆ నీరు తాళ్లప్రొద్దుటూరు ఇళ్లలోకి వచ్చినప్పుడు మూటలు కట్టుకుని కదిలినవారి పేర్లు ఏ ఫలకం మీద చెక్కారు? సీమకు నీరు కావాలి, తప్పదు. ఆ నీటికి ఊరినే మూల్యంగా చెల్లించినవారు కూడా అంకెగానే మిగలాలా?

విద్యార్థి మిత్రులారా, మీ ఊరి చెరువుకట్ట ఎక్కండి. తూము కాసిన నీరుగంటి ఎవరో, పూడిక మోసిన ఇళ్లేవో, ఆ నీరు ఎవరి పొలానికి పారి ఎవరి పొలం దగ్గర ఆగిందో అడిగి రాయండి. రాజుల చరిత్ర రాయటానికి రాళ్లున్నాయి. వెయ్యిమంది చరిత్ర రాయవలసింది మనమే.