ఎండాకాలపు పరుగు - మొదటి రెండు వారాలు

శివరాత్రి దాటితే చలి శివశివా అంటూ వెళ్ళిపోతుందని పెద్దలు అంటారు. చలి వెళ్ళిన ఆ రోజుల్లోనే తెల్లవారుజామున పరుగులు తీసే మన పిల్లలకు అసలు కష్టం మొదలవుతుంది. ఇచ్ఛాపురం నుంచి పలాస, టెక్కలి, నరసన్నపేట, శ్రీకాకుళం, రణస్థలం మీదుగా విజయనగరం జిల్లా పూసపాటిరేగ, భోగాపురం వరకు జాతీయ రహదారి పక్కన, కాలేజీ మైదానాల్లో, చెరువు గట్ల మీద, తీరప్రాంత గ్రామాల ఇసుకలో పరిగెత్తే యువతీయువకులు మనకు కొత్త కాదు. వీరు ఒళ్ళు తగ్గించుకోవటానికి పరిగెత్తేవారు కారు. సైన్యంలోనో పోలీసు శాఖలోనో ఉద్యోగం వస్తే ఇంటి అప్పు తీరుతుంది, చెల్లెలి పెళ్ళి జరుగుతుంది అన్న ఆశతో పరిగెత్తేవారు. కాబట్టి వీరికి "ఎండల్లో పరుగు మానెయ్యండి" అని చెప్పటం సులభమే గాని, అది వినే సలహా కాదు. ఎలా పరిగెత్తాలో చెప్పటమే మన బాధ్యత.

సైన్యం ర్యాలీలో 1.6 కిలోమీటర్లను 5 నిమిషాల 30 సెకన్లలోపు పూర్తిచేసినవారికి పరుగులో పూర్తి మార్కులు వస్తాయి. మన రాష్ట్రంలో 2022 కానిస్టేబుల్ నియామకాల్లో 1600 మీటర్లకు పురుషులకు 8 నిమిషాలు, స్త్రీలకు 10 నిమిషాల 30 సెకన్లు గడువుగా పెట్టారు. ఆ నోటిఫికేషన్ 2022 నవంబరులో వచ్చింది. ప్రాథమిక రాతపరీక్ష 2023 జనవరిలో జరిగింది. దేహదారుఢ్య పరీక్షలు మాత్రం 2024 డిసెంబరు ఆఖరుకు గాని మొదలు కాలేదు. అంటే మధ్యలో రెండు ఎండాకాలాలు గడిచాయి. ఏ నెలలో పిలుస్తారో తెలియని పిల్లవాడు ఏం చేస్తాడు? కొన్నాళ్ళు పరిగెత్తి విసిగి మానేస్తాడు. మళ్ళీ ఏదో కబురు వినగానే మర్నాడే బూట్లు బిగించి, మానేసిన నాటి వేగంతోనే పరుగు అందుకుంటాడు. ఆ కబురు ఏప్రిల్ నెలలో వస్తే ప్రమాదం అక్కడే ఉంది.

గమనించవలసిన విషయం ఏమిటంటే, ఎండకు అలవాటు పడటం అనేది ధైర్యానికి సంబంధించినది కాదు. అది శరీరంలో నిజంగా జరిగే మార్పు, దానికి 10 నుంచి 14 రోజులు పడుతుంది. మనం పరిగెత్తేటప్పుడు కండరాలు ఖర్చుచేసే శక్తిలో దాదాపు మూడు వంతులు వేడిగా మారిపోతుంది. కదలికకు ఉపయోగపడేది నాలుగో వంతు మాత్రమే. ఆ వేడిని బయటకు పంపటానికి గుండె ఒకవైపు కండరాలకు, మరొకవైపు చర్మానికి రక్తం అందించాలి. అలవాటు లేని శరీరంలో ఈ రెండు పనులూ ఒకేసారి సరిగా సాగవు. రోజూ కొంతసేపు వేడిలో శ్రమిస్తూ ఉంటే మొదటి వారంలోనే రక్తంలో నీటి భాగం పెరుగుతుంది, అదే పరుగుకు గుండె కొట్టుకునే వేగం తగ్గుతుంది. చెమట ముందుగా పట్టటం మొదలవుతుంది, ఎక్కువగా పడుతుంది, అందులో పోయే ఉప్పు తగ్గుతుంది. రెండు వారాలు గడిచేసరికి అదే మనిషి అదే ఎండలో వేరే మనిషిలా పరిగెత్తగలడు. అయితే పరుగు మానేస్తే ఈ అలవాటు వారం రోజుల నుంచే సడలటం మొదలై మూడు నాలుగు వారాల్లో దాదాపు పోతుంది. డిసెంబరులో బాగా పరిగెత్తాను గదా అన్న లెక్క ఏప్రిల్‌లో పనికిరాదు.

మన తీరప్రాంతానికి మరొక చిక్కు ఉంది. చెమట కారినంత మాత్రాన ఒళ్ళు చల్లబడదు, అది ఆరినప్పుడే చల్లబడుతుంది. గాలిలో తేమ నిండి ఉన్నప్పుడు చెమట బనీనును తడిపి నేల మీద కారుతుందే తప్ప వేడిని తీసుకుపోదు. అందుకే రాయలసీమలో 40 డిగ్రీలు ఉన్నప్పుడు కన్నా మన వైపు 36 డిగ్రీలు ఉన్న ఉక్కపోత రోజున పరిగెత్తేవాడికి ఎక్కువ కష్టం కలగవచ్చు. టీవీలో చెప్పే ఉష్ణోగ్రత ఒక్కటి చూసి "ఈ రోజు ఫరవాలేదు" అనుకోకూడదు. 1950లలోనే అమెరికా సైనిక శిక్షణ శిబిరాల్లో ఈ సంగతి గుర్తించారు. కొత్తగా చేరిన కుర్రవాళ్ళు మొదటి వారాల్లోనే ఎక్కువగా కుప్పకూలుతుండటంతో, మామూలు థర్మామీటరుతో పాటు తడిగుడ్డ చుట్టిన థర్మామీటరును, ఎండలో పెట్టిన నల్లని గోళంలోని థర్మామీటరును కలిపి లెక్కకట్టే పద్ధతి తెచ్చారు. అక్కడ ఆ లెక్క సుమారు 32 డిగ్రీలు దాటితే మైదానంలో నల్లజెండా ఎగురవేసి కసరత్తు ఆపేస్తారు. సైనికుల ధైర్యాన్ని శంకించి కాదు, సైనికులు పోకూడదని.

మన దగ్గర ఈ మాట అంటే ఎదురయ్యే జవాబు ఒకటే. "ఏటవుద్దండీ, మా నాన్నోళ్ళు రోజంతా ఎండలోనే పని చేస్తారు గదా!" నిజమే, చేస్తారు. కాని పొలం పనికి వెళ్ళే మనిషిని ఒకసారి జాగ్రత్తగా చూడండి. ఆయన ఎండలోకి ఒక్కరోజులో వచ్చి పడలేదు, మాఘమాసం నుంచి ఎండతో పాటే నడిచి వచ్చాడు. పెందలాడే పనిలో దిగి, పొద్దెక్కేసరికి గట్టున చెట్టు కిందకు చేరి, తెచ్చుకున్న చోడి అంబలి తాగుతాడు. తలకు తువ్వాలు చుట్టుకుంటాడు. పని వేగాన్ని తానే నిర్ణయించుకుంటాడు. పరిగెత్తే కుర్రవాడి వేగాన్ని నిర్ణయించేది గడియారం. ఒళ్ళు "ఆగు" అన్నా గడియారం ఆగదు. తండ్రి దగ్గర కొడుకు నేర్చుకోవలసింది ఎండను లెక్కచేయకపోవటం కాదు, ఎండను లెక్కవేసుకుని పని చేయటం.

వీరఘట్టంలో పుట్టిన మల్లయోధుడు కోడి రామమూర్తి పేరు పెట్టుకున్న స్టేడియం శ్రీకాకుళంలో ఉంది. బలమంటే మన ప్రాంతంలో గౌరవం. మంచిదే. కాని ఆ గౌరవం వల్లనే మైదానంలో వెనకబడినవాణ్ణి ఎగతాళి చేసే అలవాటు కూడా వచ్చింది. శిక్షణ ఇచ్చేవారు, ముఖ్యంగా సెలవులో ఇంటికి వచ్చి తమ్ముళ్ళకు పరుగు నేర్పే సైనిక సోదరులు, ఈ విషయంలో మనసు పెట్టాలి. వారి మాటకు ఊళ్ళో ఉన్న విలువ డాక్టరు మాటకు లేదు. "ఒరే, ఈ పది రోజులూ టైము చూసుకోవద్దు" అని వారు ఒక్కమాట అంటే చాలు.

ఆ పది రోజులు ఎలా ఉండాలి? మొదటి నాలుగు రోజులు మామూలు దూరంలో సగం, అదీ పక్కవాడితో మాట్లాడుతూ సాగగలిగినంత నిదానంగా. తరువాత దూరం కొద్దికొద్దిగా పెంచాలి. వేగాన్ని అన్నిటికన్నా చివర, రెండో వారం సగం దాటాక పెంచాలి. ఉదయం 5 గంటలకు పరుగు ముగించి ఎండ మొహమే చూడనివారికి అలవాటు రాదని కూడా గుర్తుంచుకోవాలి. ఎందుకంటే పరీక్ష రోజున వంతు వచ్చేసరికి ఏ 8 గంటలో, 9 గంటలో కావచ్చు. కాబట్టి వారంలో కొన్ని రోజులు పొద్దు పొడిచాక లేత ఎండలో నిదానంగా పరిగెత్తటం అవసరం. గట్టి పరుగులు మాత్రం చల్లని వేళకే ఉంచుకోవాలి. మిట్టమధ్యాహ్నపు పరుగు ఎవరికీ అక్కరలేదు. బరువు తగ్గుతుందని ప్లాస్టిక్ కోటు, స్వెట్టరు వేసుకుని పరిగెత్తటం శుద్ధ తెలివితక్కువ పని. తగ్గేది కొవ్వు కాదు, నీరు. జ్వరం, విరోచనాలు వచ్చి తగ్గినవారు, రాత్రి నిద్రలేనివారు ఆ రోజుకు పరుగు మానాలి. జ్వరం తగ్గిన మర్నాడే మైదానానికి బయలుదేరే కొడుకును ఆపటం తల్లిదండ్రుల పని.

అమ్మాయిల సంగతి వేరుగా చెప్పాలి. చీకట్లో ఒంటరిగా రోడ్డు మీదకు రాలేక వారు బాగా తెల్లవారాక, అంటే ఎండ ఎక్కాక పరుగు మొదలుపెడతారు. నిండా బట్టలు. మైదానంలో మరుగుదొడ్డి లేదని ఇంటి దగ్గర నీళ్ళు తాగకుండానే వస్తారు. ఇంత ముఖ్యమైన ఆరోగ్య సమస్య ఒక తాళం వేసిన గది వల్ల వస్తున్నదంటే ఆశ్చర్యంగా ఉంటుంది. పాఠశాల, కాలేజీ మైదానాల్లోని మరుగుదొడ్ల తాళాలు ఉదయం 5 గంటలకే తీయించటం ఊరి పెద్దలకు ఖర్చు లేని పని.

నీళ్ళ విషయానికి వస్తే, పరుగుకు గంట ముందు రెండు గ్లాసులు, తరువాత దాహాన్ని బట్టి. పరుగుకు ముందు, తరువాత బరువు చూసుకుంటే సంగతి తెలుస్తుంది. కిలో తగ్గిందంటే సుమారు లీటరు నీరు పోయిందని అర్థం. అయితే భయపడి ఉత్త నీళ్ళే లీటర్ల కొద్దీ తాగినా రక్తంలో ఉప్పు పలచబడి ఫిట్స్ వచ్చే ప్రమాదం ఉంది. ఉప్పు వేసిన మజ్జిగ, తరవాణి, గంజి, కొబ్బరి నీళ్ళు మనకు ఇంట్లోనే ఉన్నాయి. అవి లేనప్పుడు ఓఆర్ఎస్ ప్యాకెట్టు. రంగు సీసాల్లో వచ్చే ఎనర్జీ డ్రింకులు వీటికి సాటి రావు.

ఇక్కడ ఒక గట్టి మాట చెప్పక తప్పదు. కాళ్ళ నొప్పులు తెలియకుండా పరిగెత్తటానికి డైక్లోఫెనాక్, ఐబూప్రొఫెన్ వంటి నొప్పి మాత్రలు వేసుకుని మైదానంలో దిగే అలవాటు ఉంది. ఒంట్లో నీరు తగ్గినప్పుడు ఈ మాత్రలు మూత్రపిండాలకు రక్తం అందకుండా చేస్తాయి. కవిటి, సోంపేట, కంచిలి, మందస, వజ్రపుకొత్తూరు మండలాల్లో ఎన్ని ఇళ్ళను ఈ జబ్బు పట్టి పీడిస్తున్నదో మనకు తెలుసు. దాని కోసమే 2023 డిసెంబరులో పలాసలో ప్రత్యేక ఆసుపత్రి, పరిశోధన కేంద్రం ప్రారంభించారు. ఉద్దానం జబ్బుకు అసలు కారణం ఇంకా తేలకపోయినా, ఎండలో శ్రమ, నీరు తగ్గిపోవటం అనుమానించదగిన కారణాల్లో ఉన్నాయి. అటువంటి ఊళ్ళో పుట్టిన బిడ్డ పరుగు కోసం నొప్పి మాత్ర మింగటం నిప్పుతో చెలగాటమే. స్నేహితుడు ఇచ్చిన "స్టామినా" మాత్రలు, ఇంజక్షన్ల మాట చెప్పనే అక్కరలేదు. జలుబు మాత్రల్లో కూడా కొన్ని చెమటను తగ్గిస్తాయి.

ఇన్ని జాగ్రత్తలు తీసుకున్నా ఎవరైనా పడిపోవచ్చు. 2024 ఆగస్టు, సెప్టెంబరు నెలల్లో జార్ఖండ్ రాష్ట్రంలో ఎక్సైజ్ కానిస్టేబుల్ ఉద్యోగాలకు 10 కిలోమీటర్ల పరుగు పెట్టినప్పుడు పదిమందికి పైగా అభ్యర్థులు చనిపోయారు. కారణాలపై రకరకాల వాదనలు వచ్చాయి. పరుగును కొన్నాళ్ళు ఆపి, ఉదయం 9 గంటల తరువాత నిర్వహించరాదని అక్కడి ప్రభుత్వం నిర్ణయించింది. అది ముందే తీసుకోవలసిన నిర్ణయం అని మా అభిప్రాయం. పరీక్ష పెట్టే అధికారులకు ఎక్కడైనా ఇదే విన్నపం.

వడదెబ్బ తగిలినవాడికి చెమట పట్టదని చాలామంది అనుకుంటారు. ముసలివారి విషయంలో అది తరచు నిజం. పరిగెత్తి పడిపోయినవాడికి మాత్రం చెమట కారుతూనే ఉండవచ్చు. చూడవలసింది తెలివిని. తూలుతూ నడవటం, పొంతన లేని మాటలు, పేరు అడిగితే తడబడటం, ఊరికే కోప్పడటం కనిపిస్తే ఒంటి వేడి 40 డిగ్రీలు దాటి ఉండవచ్చు. అప్పుడు ముందు చేయవలసింది ఆటో వెదకటం కాదు, చల్లబరచటం. 108కి ఒకరు ఫోను చేస్తుండగా మిగిలినవారు అతన్ని నీడకు చేర్చి, చొక్కా, బూట్లు తీసి, తల నుంచి కాళ్ళ వరకు బకెట్లతో నీళ్ళు పోయాలి, తువ్వాళ్ళతో గట్టిగా విసరాలి. దగ్గరలో సిమెంటు తొట్టి ఉంటే మెడ వరకు నీళ్ళలో కూర్చోబెట్టి, ఒకరు తల పట్టుకుని ఉండటం ఇంకా మంచిది. చెరువులోకి మాత్రం దించవద్దు. తెలివి లేనివాడి నోట్లో నీళ్ళు పోయవద్దు, ఊపిరితిత్తుల్లోకి పోతాయి. పారాసెటమాల్ ఈ వేడికి పనిచేయదు. ఉల్లిపాయ రసం రాస్తూ కూర్చుంటే విలువైన నిమిషాలు పోతాయి. అర్ధగంటలోపు చల్లబరచగలిగితే దాదాపు అందరూ బతుకుతారు. అంబులెన్సు వచ్చి ఆసుపత్రికి చేరేసరికి ఆ అర్ధగంట ఎక్కువగా దారిలోనే అయిపోతుంది. అందువల్లనే ఈ వైద్యం డాక్టరు కన్నా ముందు పక్కన పరిగెత్తే స్నేహితుడికి తెలియాలి.

పిల్లలు పరిగెత్తే ప్రతి మైదానం దగ్గరా ఫిబ్రవరి ఆఖరు నుంచి వర్షాలు పడేవరకు ఒక పెద్ద డ్రమ్ము నిండా నీళ్ళు, రెండు బకెట్లు, నాలుగు పాత దుప్పట్లు ఉంచాలని మా కోరిక. యువజన సంఘాలు గాని, పంచాయతీ గాని, సైన్యంలో పనిచేసి వచ్చిన పెద్దలు గాని పూనుకుంటే ఒక్క ఆదివారంలో అయ్యే పని. డ్రమ్ము నీడలో ఉండాలి, నీళ్ళు రోజు మార్చి రోజు మార్చాలి, లేకపోతే దోమలు పెరుగుతాయి.