పరిమళమే ప్రమాణము కాదు

అండమాన్ నికోబార్ దీవుల సముద్రతీరములందు నీరువావిలి పొదలు సహజముగా పెరుగును. ఆకు నలిపినచో ఘాటైన వాసన వచ్చును. ఆంధ్రతీరమునుండి వెళ్లి ఆ దీవులలో స్థిరపడిన తెలుగు కుటుంబములకు ఈ వాసన క్రొత్తది కాదు. బాలింత స్నానమునకు వావిలాకు వేసి నీరు కాచుట, జలుబు చేసినపుడు ఆవిరి పట్టుట తరతరముల అలవాటు.

ఆకులగుండా నీటి ఆవిరిని పంపి చల్లార్చినచో నీటిపై సుగంధతైలము తేలును. అది ఒకే పదార్థము కాదు; సినియోల్, సాబినీన్, పైనీన్, కారియోఫిలీన్ మొదలగు అనేక రసాయనముల కలయిక. 1952లో ఇంగ్లండులో జేమ్స్, మార్టిన్ అను శాస్త్రజ్ఞులు ప్రకటించిన గ్యాస్ క్రోమటోగ్రఫీ పద్ధతిచే వీనిని విడదీసి, ఏది ఎంత పాలు కలదో తెలిసికొనవచ్చును. నేల, ఋతువు, ఆకు ముదురు మారినకొలది ఈ పాళ్లును మారును. కావున ఆకు పేరు తెలిసినంతమాత్రమున తైలము తెలిసినట్లు కాదు.

“పెద్దలు వాడినదే గదా, హాని యేమి?” అని కొందరు వాదింతురు. పెద్దలు వాడినది గుప్పెడు ఆకు వేసిన కాగెడు నీరు. కిలో ఆకునుండి సాధారణముగా కొద్ది గ్రాముల తైలమే లభించును. అనగా చిన్న సీసాలో గంపలకొలది ఆకు సారము ఇమిడియుండును. ఈ రెండును ఒకటి కావు. సినియోల్ అధికముగాగల నీలగిరి తైలమును టీచెంచాడు మింగినను పసిపిల్లలకు మగత, మూర్ఛలు కలుగవచ్చును.

ఔషధముగా వాడు నీలగిరి తైలములో సినియోల్ 70 శాతమునకు తగ్గరాదని ఐరోపా ఔషధ ప్రమాణగ్రంథము నిర్దేశించుచున్నది. అడవిపొదల తైలములకును అట్టి కట్టుబాటు అవసరము. ఇప్పుడు శ్రీ విజయపురమని పిలువబడు పోర్టుబ్లెయిరులో 1983లో భారత వైద్య పరిశోధన మండలి ప్రాంతీయ కేంద్రము నెలకొన్నది. ఇట్టి సంస్థల పరీక్షకు నిలిచి, కూర్పు సీసాపై ముద్రితమైన తైలమునే మందుగా విక్రయింపనిచ్చుట న్యాయము.

అంతవరకు ప్రజలు ఇట్టి తైలములను లోనికి పుచ్చుకొనరాదు, శిశువుల ముక్కులలో వేయరాదు, పిల్లల చేతికందనీయరాదు. బిడ్డ పొరపాటున మింగినచో వాంతి చేయింపక, సీసాతోకూడ వెంటనే ఆసుపత్రికి కొనిపోవలెను. వావిలాకు నీటిస్నానమును ఎవరును విడువ నక్కరలేదు. విడువవలసినది, ఆకుపై గల నమ్మకమును తెలియని సీసాకు అప్పగించుట.