కాళ్లు బాగానే ఉన్నాయి, నడకే పోయింది

గౌరవనీయులైన సంగారెడ్డి జిల్లా కలెక్టర్ గారికి,

తలకు దెబ్బ తగిలి నడక దెబ్బతిన్న జహీరాబాద్ ప్రాంత వాసులు, వారి కుటుంబసభ్యులు ప్రజావాణిలో సమర్పించుకుంటున్న వినతిపత్రం.

అయ్యా/అమ్మా,

65వ నంబరు జాతీయ రహదారి మాది. చెరుకు ట్రాక్టర్లు, ముంబై లారీలు, హెల్మెట్ లేని బైకులు అన్నీ దాని మీదే. హెల్మెట్ విషయంలో తప్పు మావాళ్లదే, ఒప్పుకుంటున్నాం. తలకు గాయమైనవారిని హైదరాబాద్ తీసుకుపోతాం. ఆపరేషన్ అవుతుంది, ప్రాణం దక్కుతుంది.

మా గోడు ఆ తర్వాతది. విరిగిన ఎముక ఎక్స్‌రేలో కనబడుతుంది. మావాళ్ల కాళ్లలో ఎముకలన్నీ బాగానే ఉన్నాయి. మెదడు చెప్పే మాటే కాలికి సరిగా అందదు. ఒకరికి కండరాలు బిగిసి కాలు కట్టెలా అవుతుంది. ఇంకొకరికి పాదం వాలిపోయి గడప తగులుతుంది. మరొకరికి బలం ఉంది, నిలకడ లేదు. తూలుతూ పోయే మనిషిని చూసి బజార్లో ‘పొద్దుగాలనే తాగిండు’ అంటారు. ఆ మాట పడలేక ఇల్లు కదలనివారున్నారు. కదలకపోతే మిగిలిన నడకా పోతుంది.

ఇలా పోయిన నడక నెలల తరబడి సాధన చేయిస్తేనే తిరిగి వస్తుంది. అందుకోసం సుమారు వంద కిలోమీటర్ల దూరాన హైదరాబాద్‌లో ఉన్న నిమ్స్‌కు వారానికి మూడుసార్లు పోవాలంటే రెండు కూలీలు పోతాయి, రోగిదీ తోడు వెళ్లినవారిదీ. 2023 డిసెంబరులో ఆరోగ్యశ్రీ పరిమితిని రూ.10 లక్షలకు పెంచారు, సంతోషం. మాకిప్పుడు కావలసింది మాత్రం దగ్గర్లో ఒక ఫిజియోథెరపిస్టు.

కాబట్టి జహీరాబాద్ ఏరియా ఆసుపత్రిలో మెదడు గాయాలవారికి వారానికి కనీసం మూడు రోజులు నడక శిక్షణ ఇప్పించాలి. పట్టుకుని నడిచే కడ్డీలు, వాకర్లు, పాదం వాలినవారికి కొలత తీసి చేసిన పట్టీలు ఇవ్వాలి. ఇంటికి దగ్గరలో, ముఖ్యంగా పల్లెల్లో, ఉచిత వైద్యం అందించాలని 2016 నాటి దివ్యాంగుల హక్కుల చట్టం 25వ సెక్షన్ చెబుతున్నదే మేం అడుగుతున్నాం.

వైకల్య శాతాన్ని తేల్చే శిబిరంలో కాలి బలం ఒక్కటే కొలిస్తే మావాళ్లకు న్యాయం జరగదు. తూలడం, మతిమరుపు కూడా లెక్కలోకి రావాలంటే న్యూరాలజీ వైద్యుడు చూడాలి. వైకల్యం 40 శాతానికి తగ్గిందంటే నెలకు రూ.4,016 పింఛను లేనట్టే.

మాతో వచ్చినవారిలో ముగ్గురు గేటు దగ్గర జీపులోనే కూర్చున్నారు. దయచేసి ఒక్కసారి బయటికి వచ్చి వారి నడక చూడవలసిందిగా ప్రార్థన.

ఇట్లు,
బాధితులు, కుటుంబసభ్యులు,
జహీరాబాద్